జంట సిలిండర్ల మోటారు సైకిళ్లు – సింథటిక్ నూనెలు
(మన సంఘపు యువజన శాఖవారు హోసూరులో జరిపిన సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన సభలలో బడులను గురించియు, భాషను గురించియు మాటలాడుకొనుట వాడుక. ఈ మారు ఇంజను నూనెను గురించి చెప్పుమని యువజన శాఖవారు కోరగా పెద్దలు కొందరు నవ్విరి. ఇది నవ్వదగిన విషయము కాదు. ఉద్యోగములో చేరిన పిల్లవాడు తన సంపాదనతో కొను మొదటి పెద్ద వస్తువు మన యిండ్లలో తరచుగా మోటారు సైకిలే. అందును ఇప్పుడు రెండు సిలిండర్ల బండ్లపై మోజు. వాని ధర మూడు లక్షలకు పైమాట. చాలమంది నెలవారీ వాయిదాలపై కొనుచున్నారు. వాయిదాలు తీరకముందే ఇంజను చెడినచో ఆ బరువు ఇంటిల్లిపాదిపై పడును. ఇంతకును బండితో వచ్చు పుస్తకము తెలుగులో నుండదు. 2006 నాటి చట్టము తరువాత బడిలో తెలుగు చదువని పిల్లలు మనలో పెరిగిరి. ఈ పాఠము మన పత్రికలో అచ్చయినపుడు ఇంటి పెద్దలు వారికి చదివి వినిపింపగోరెదను.

ముందుగా ఒక మాట చెప్పవలెను. నేను వర్తకుడను. నూనె డబ్బాలు నా దుకాణమునను అమ్ముడుపోవును. ఖరీదైన డబ్బా అమ్మినచో నాకు లాభము హెచ్చు. అయినను చెప్పుచున్నాను: డబ్బా ముందు పెద్ద అక్షరములతో నుండు ‘సింథటిక్’ అను మాటను చూచి కొనవలదు. వెనుక చిన్న అక్షరములతో నుండు రెండు మూడు గుర్తులను చూచి కొనుడు.

ఉదాహరణకు రాయల్ ఎన్‌ఫీల్డువారి ఇంటర్‌సెప్టర్ 650 బండిని తీసికొందము. 2017 నవంబరులో ఇటలీలోని మిలాను ప్రదర్శనమున దానిని తొలిసారి చూపిరి. 2018 నవంబరులో మన దేశమున అమ్మకమునకు తెచ్చిరి. మన తమిళనాటనే తయారగుచున్నది. 648 సి.సి. ఇంజను, రెండు సిలిండర్లు ప్రక్కప్రక్కన నుండును. దానికి నీటి రేడియేటరు లేదు. గాలియు, నూనెయు కలిసి దానిని చల్లబరచవలెను. ముందువైపున నూనెను చల్లార్చు చిన్న కూలరు కలదు. కనుక ఆ బండిలో నూనె చేయు పని కేవలము రాపిడిని తగ్గించుట మాత్రమే కాదు; వేడిని మోసికొనిపోవుటయు దాని పనియే.

మరియొక సంగతి. పాత ఇనుప ఇంజను బుల్లెట్టు మీలో పెద్దలకు జ్ఞాపకముండును. దానిలో ఇంజనుకు ఒక నూనె, గేరుపెట్టెకు వేరొకటి, క్లచ్చి గొలుసు పెట్టెకు మరియొకటి. అమెరికావారి హార్లే డేవిడ్‌సన్ పెద్ద బండ్లలో నేటికిని ఆ మూడు వేరువేరే. ఇంటర్‌సెప్టర్ అట్లు కాదు. ఇంజనును, క్లచ్చిని, గేర్లను ఒకే నూనె పోషింపవలెను. క్లచ్చి పలకలు ఆ నూనెలోనే మునిగి తిరుగును. చిక్కంతయు ఇక్కడనే కలదు; మరల వత్తును.

‘జంట సిలిండర్లకు ప్రత్యేకము’ అని కొన్ని డబ్బాలపై కనబడును. సిలిండర్లు ఒకటా రెండా యని నూనెకు తెలియదు. దానికి తెలిసినది వేడి, ఒత్తిడి, గేరు పళ్ల నలుగుడు. హార్లే వంటి వాలు ఇంజనులో ముందరి సిలిండరు చాటున నుండు వెనుకటి సిలిండరుకు గాలి తక్కువ, వేడి ఎక్కువ. అందుచేత అక్కడ చిక్కని నూనె వాడుక. ప్రక్కప్రక్కన నుండు సిలిండర్లకు ఆ భేదము లేదు. కావున ఒక జంట ఇంజనుకు మేలైన నూనె ఇంకొకదానికి మేలగునని చెప్పరాదు.

ఇంతకు సింథటిక్ అననేమి? భూమినుండి తీసిన ముడినూనెను శుద్ధిచేయగా వచ్చునది మినరలు నూనె. దానిలోని అణువులు పొట్టివి, పొడుగువి కలగాపులగముగా నుండును. ఆ గొడవ లేకుండ, కావలసిన ఆకారమున అణువులను కర్మాగారమున కట్టి చేసినది అసలైన సింథటిక్. పాలీ ఆల్ఫా ఓలిఫిన్ ఒక జాతి, ఎస్టరు మరియొక జాతి. ఎ.పి.ఐ. అను అమెరికా పెట్రోలియము సంస్థ మూలనూనెలను అయిదు తరగతులుగా విభజించినది. ఇందు నాల్గవది పాలీ ఆల్ఫా ఓలిఫిన్. ఎస్టర్లు అయిదవదానిలో చేరును. మూడవ తరగతి ముడినూనెనుండి వచ్చినదే, కాని హైడ్రోజనుతో గట్టిగా శుద్ధిచేసినది. దీనిని సింథటిక్ అనవచ్చునా యని అమెరికాలో మొబిల్, కాస్ట్రాల్ కంపెనీలు తగవులాడినవి. 1999లో అక్కడి ప్రకటనల తగవులు తీర్చు సంఘము అనవచ్చునని తీర్పు చెప్పినది. నాటినుండి ఆ మాట చాల వెడల్పైనది. మూడవ తరగతి నూనె చెడ్డదని నా అభిప్రాయము కాదు, చాల మంచిది. ఆ మాట ఒక్కటే చూచిన మీరు కొనుచున్నదేమో మీకు తెలియదని మాత్రమే చెప్పుచున్నాను. ‘సెమీ సింథటిక్’ అన్నను అంతే. అందు ఎంత పాలు సింథటిక్కో డబ్బా చెప్పదు.

కాస్ట్రాల్ అను పేరు మన ఆముదము పేరేయని మీరెరుగుదురా? ఆముదపు గింజకు ఆంగ్లమున గల పేరునుండి 1909లో ఆ పేరు పుట్టినది. మన తాతలు బండి ఇరుసునకు కందెన పెట్టిరి. మొదటి ప్రపంచ యుద్ధమునాటి విమానపు ఇంజనులు కొన్ని ఆముదముతో తిరిగినవి. ఆముదమునుండి తీసిన సెబాసిక్ ఆమ్లముతో చేసిన ఎస్టర్లు తరువాత జెట్ విమానముల కందెన నూనెలలో చేరినవి. తాతలనాటి గింజ సింథటిక్ నూనెకు పరాయిది కాదన్నమాట. అయినను ఇంటి ఆముదమును ఇంజనులో పోయవలదు!

సింథటిక్ నూనె గుణములు నిజమైనవే. వేడికి త్వరగా చెడదు. చలిలో గడ్డకట్టదు. ఇంకొకటి పెద్దగా ఎవరును చెప్పరు. మినరలు నూనె వేడిలో మరీ పలుచబడకుండుటకు పొడుగైన పాలిమరు అణువులను అందు కలుపుదురు. గేరు పళ్లు వానిని నమలి ముక్కలు చేయును. కొన్ని వేల కిలోమీటర్లకే నూనె చిక్కదనము తగ్గును. మంచి సింథటిక్ నూనెకు ఆ పాలిమరు అవసరము తక్కువ. గేర్లకును ఇంజనుకును ఒకే నూనె గల బండికి ఇది గొప్ప మేలు.

ఇక గుర్తులు. ఇంటర్‌సెప్టరుకు తయారీదారులు చెప్పినది 10డబ్ల్యూ-50. డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించినది. 10డబ్ల్యూ నూనెను సున్నకు దిగువ 25 డిగ్రీలలోను, 20డబ్ల్యూ నూనెను దిగువ 15 డిగ్రీలలోను పరీక్షింతురు. మన హోసూరు చలికి ఏదైనను చాలును. లడాకుకు పోవు సాహసులకు మాత్రము భేదము తెలియును. వెనుకటి 50 అనునది నూరు డిగ్రీల వేడిలోని చిక్కదనము, 16.3 సెంటీస్టోకులకు తగ్గరాదు, 21.9కి లోపుండవలెను. 40 అయినచో 12.5 నుండి 16.3 లోపు. మండుటెండలో బెంగుళూరు దారిలోని రద్దీయందు నిలిచిన గాలి చల్లదనపు ఇంజనుకు ఈ భేదము చిన్నది కాదు.

అన్నిటికన్న ముఖ్యమైనది జాసో గుర్తు. జపానువారు 1998లో మోటారు సైకిలు నూనెలకై ప్రత్యేక ప్రమాణము నేర్పరచిరి, 2006లో ఎం.ఎ.1, ఎం.ఎ.2 అను ఉపవిభాగములను చేర్చిరి. నూనెలో మునిగిన క్లచ్చి జారకుండ పట్టు నిలుపునది ఎం.ఎ. జాతి, వానిలో ఎం.ఎ.2 పట్టు హెచ్చు. ఎం.బి. జాతి జారుడు నూనె. క్లచ్చి నూనెలో మునుగని గేరులేని స్కూటర్లకు తగినది. మన యిండ్లలో చెల్లెలికి స్కూటరు, అన్నకు మోటారు సైకిలు ఉండును. మిగిలిన స్కూటరు నూనెను వృథా యేలయని మోటారు సైకిలులో పోయుదురు. కొందరు ఖరీదైన కారు నూనె తెచ్చి పోయుదురు. పెట్రోలు పొదుపునకై కారు నూనెలలో జారుడు మందులు కలుపుదురు. అట్టి నూనె పడినపుడు ఇంజను మోత హెచ్చును, బండి వేగము హెచ్చదు. మెకానిక్కు క్లచ్చి పలకలు మార్చుమనును. పలకలు మార్చినను అదే నూనె పోసినచో అదే తంతు. ఎంత గొప్ప సింథటిక్ అయినను ఎం.ఎ.2 లేనిచో ఈ బండికి పనికిరాదు.

ఇంకొక భ్రమ: సింథటిక్ పోసితిమి గదా, రెట్టింపు దూరము తిప్పవచ్చునని. నూనె చెడకపోయినను అందు మసి, పెట్రోలు ఆవిరి, తేమ చేరుచునే యుండును. ఇంటినుండి సిప్‌కాటుకు రెండు కిలోమీటర్లు పోయి ఆపు బండిలో ఆ తేమ ఆరదు. పుస్తకములోని గడువును దాటవలదు. దాటినచో గ్యారంటీ విషయమున తగవు వచ్చును. నూనె నల్లబడగానే చెడినదనుటయు పొరపాటే. మసిని తనలో పట్టియుంచు మంచి నూనె నల్లబడకతప్పదు. నూనెతోపాటు ఫిల్టరును, అడుగు బోల్టు వాషరును మార్పించుడు. మట్టము చూచునపుడు ఇంజను వెచ్చచేసి, ఆపి, కొన్ని నిమిషములాగి, బండిని నిట్టనిలువుగా నిలిపి చూడవలెను. ప్రక్క స్టాండుపై వంచి చూచి తక్కువని మరింత పోయువారిని నేనెరుగుదును.

పాత రాజదూత్ 350 ఇంకను దాచుకొన్న వారొకరిద్దరు ఈ సభలో నున్నారు. అదియు జంట సిలిండర్లదే గాని రెండు స్ట్రోకులది. దాని నూనె పెట్రోలుతోపాటు మండిపోవును. ఇంజను నూనెను గురించి నేను చెప్పినది దానికి వర్తింపదు.

ఖాళీ డబ్బా సంగతి మరువకుడు. మంచి పేరుగల ఖాళీ డబ్బాలను కొని వానిలో వడగట్టిన పాత నూనె నింపి అమ్ము దుర్మార్గులు కలరు. మీ యెదుటనే సీలు విప్పించుడు. నూనె పోసిన పిమ్మట డబ్బాను కత్తితో కోసి పారవేయుడు. తీసిన నూనెను చెదలకని కొట్టముల స్తంభములకు పూయుట, కాలువలో పోయుట మన యూళ్లలో ఇంకను కలదు. వాడిన నూనె ప్రమాదకరమైన వ్యర్థమని 2016 నాటి నియమములు చెప్పుచున్నవి. నూనె చేయువారే వాడిన నూనె పునశ్శుద్ధికి బాధ్యత వహింపవలెనను నియమము 2024 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చినది. ఇంట మార్చుకొనువారు దానిని సీసాలో పట్టి సర్వీసు కేంద్రమున నప్పగింపవలెను.

నాలుగు వేరువేరు డబ్బాలు ఈ బల్లపై నుంచినాను. ధర చీటీలు తీసివేసితిని. సభానంతరము ముందునకు వచ్చి, వెనుకటి అక్షరములు చదివి, ఏది మీ బండికి తగునో, ఏది చెల్లెలి స్కూటరుకో మీరే చెప్పుడు.