ఉమ్మడి నాణెము - వేఱు బొక్కసములు



పొయ్యి యొకటియై, గాదెలును అప్పులును ఎవరివి వారివిగా నున్న ఉమ్మడి కాపురము కలిమినాడు చక్కగనే సాగును. లేమినాడుగదా దాని గుట్టు బయటపడుట! ఐరోపాలో యూరో నాణెమును స్వీకరించిన దేశముల కథ యిట్టిదే.

1999లో 11 దేశములు ఈ నాణెమును నెలకొల్పినవి. 2001లో గ్రీసు వాని సరసను జేరెను. సరిహద్దులలో డబ్బు మార్చుకొను బాధ తప్పెను, వర్తకము సులభమయ్యెను. ఈ లాభములను మేము కాదనము. ఇంచుమించు జర్మనీకి దొరకిన వడ్డీకే గ్రీసునకును అప్పు దొరకెను. చౌక అప్పు తీసికొనునాడు తీపి, తీర్చునాడు చేదు.

గ్రీసు చూపిన లెక్కకంటె దాని లోటు మిక్కిలి యెక్కువయని 2009 తుదిని వెల్లడియైనది. ఋణదాతలు వెనుదీసిరి. స్వంత నాణెము గల దేశము అట్టివేళ దాని విలువను తగ్గించుకొనును. అందుచే దాని సరకు పరదేశములలో చౌకయగును. మన దేశము 1966లోను 1991లోను అట్లే చేసినది. కష్టము కలుగకపోలేదు, కాని నిర్ణయము మనది. గ్రీసున కా దారి లేదు. నాణెపు తాళపుచెవి ఫ్రాంక్‌ఫర్టులోని కేంద్ర బ్యాంకు చేత నున్నది. నాణెము విలువ తగ్గనందున కూలియు పింఛనును తగ్గవలసివచ్చెను.

2010లో ఐరోపా దేశములును అంతర్జాతీయ ద్రవ్యనిధియు 11,000 కోట్ల యూరోల అప్పునకు ఒప్పుకొని, కఠినమైన షరతులు విధించినవి. 2013 నాటికి పని కోరువారిలో నూటికి 27 మందికి పని లేదు. 2015 జూలైలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 61 వోట్లు షరతులు వలదనెను. అయినను కొలది దినములకే ప్రభుత్వము షరతులకు తలయొగ్గెను. ప్రజలవాక్కు చెల్లని నాణెమైనది!

తప్పు గ్రీసుదేయని కొందరందురు. తప్పు కలదు. కాని స్పెయిను, ఐర్లండు 2007లో మిగులు బడ్జెట్టు చూపిన దేశములే. అవి మాత్రమెట్లు కూలినవి? చౌక అప్పు ఇండ్ల వ్యాపారమునకు వఱదవలె పాఱినది. దానిని అడ్డుటకు వడ్డీరేటు వాని చేత లేదు.

మన రాష్ట్రములకును రూపాయి యొక్కటే. కాని దానితోపాటు కేంద్రపు బొక్కసము కలదు. రాజ్యాంగపు 280వ అధికరణము ననుసరించి ఆర్థిక సంఘము వంతులు సూచించుచున్నది. ఆ వంతులకై తగవులు కలవు. అయినను తగవులాడుటకు ఉమ్మడి గాదె యొకటి యున్నది. ఐరోపా సమాఖ్యయు మహమ్మారి వేళ, 2020లో, ఉమ్మడి పూచీపై 75,000 కోట్ల యూరోలు అప్పు తెచ్చుటకు సమ్మతించినది. పాఠము సగము నేర్చినదన్నమాట.

కలిమిలో నాణెమును పంచుకొనువారు లేమిలో భారమునుగూడ పంచుకొనవలెను. అందుకు సిద్ధపడని దేశము తన నాణెమును వదలుకొనరాదని మా దృఢాభిప్రాయము.