గర్భవతులు - చేలలో కొట్టు మందులు
(పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



గ్రహణమునాడు గర్భవతిని గడప దాటనీయని యింటివారే, మరునాడు మందు కొట్టిన మిరపచేనికి ఆమెను కోతకు పంపుచుందురు. గ్రహణమువలన గర్భమునకు చేటు కలుగునని వైద్యశాస్త్రము చెప్పుట లేదు. మందు సంగతి అట్టిది కాదు. దానిని గురించియే నేడు మీతో ముచ్చటింపదలచినాము.

గుంటూరు, పల్నాడు, ఖమ్మము ప్రాంతములలో మిరపకాయ కోయుట, కల్లములో తాలుకాయలు ఏరుట, తొడిమలు తీయుట ఎక్కువగా స్త్రీల చేతిమీదుగానే జరుగును. కారపు ధూళికి కండ్లు మండును, దగ్గు తెరలు వచ్చును. ఉబ్బసమున్నవారికి ఊపిరి సలుపదు. ఆ ఘాటు కాయకు పుట్టుకతో వచ్చినది. ఆకుమీద, కాయమీద నిలిచిన పురుగుమందు మాత్రము మనము తెచ్చి పోసినది. అది ఊపిరివెంటనే గాక చర్మముగుండ కూడ లోనికి పోవును.

గర్భవతి నిమిషమునకు పీల్చు గాలి మామూలుకంటె మూడవవంతు మొదలు సగమువరకు హెచ్చుచుండును. గాలిలో మందున్నచో అదియు అంత హెచ్చుగా చేరును. అనేక పురుగుమందులు మాయను దాటి శిశువును తాకును. అవయవములు రూపొందునది మొదటి మూడు మాసములలో; ఆ మాసములలోనే మన స్త్రీలు గర్భము సంగతి బయటపెట్టరు. చిక్కంతయు ఇక్కడనే యున్నది. ముఠా మేస్త్రికి తెలియదు, చేను గల రైతుకు తెలియదు.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలు నగరములో, పురుగుమందులు చేయు కర్మాగారమునుండి మిథైల్ ఐసోసయనేటు అను వాయువు వెలువడినది. కండ్లను, ఊపిరితిత్తులను దహించు వాయువది. ఆ కర్మాగారమునకు ఒక కిలోమీటరు లోపల నివసించిన 865 మంది గర్భవతులను గురించి విచారింపగా, నూటికి 43 గర్భములు సజీవ శిశువు కలుగకయే ముగిసినట్లు తేలినది. సజీవముగా పుట్టిన 486 మంది శిశువులలో నూటికి 14 మంది నెల తిరుగకుండ పోయిరి. అంతకు ముందు రెండేండ్లలో ఆ తల్లుల కాన్పులలోనే ఇట్టి మరణములు నూటికి మూడింటికి మించలేదు. మన చేలలో అంతటి మోతాదు ఉండదు. భయపెట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. తల్లి పీల్చినది తల్లితో ఆగదని తెలియుటకే చెప్పుచున్నాము.

అట్లని "గర్భవతులు పనికి రావద్దు" అని తీర్మానించుట న్యాయము కాదు. అట్టి తీర్మానము చేసిన యూరిలో స్త్రీలు గర్భమును ఇంకను దాచుదురు. కూలి పోకుండ పని మారవలెను. మందు కలపుట, డ్రమ్ములకు నీరు మోసి అందించుట, తడి యారని చేనిలో దిగుట ఆమెకు తప్పింపవలెను. మందు కొట్టని చేనిలో పని, అదే కూలికి, ఇప్పింపవలెను. దీనిని రైతులను, మేస్త్రులను కూర్చుండబెట్టి ఒప్పింపగలది పంచాయతీయే. ఏ చేనికి ఎప్పుడు మందు కొట్టుదురో ముందునాడు చాటింపు వేయించుడు. కోతకు ఎన్ని దినములు ఆగవలెనో మందుతో వచ్చు కాగితములో ఉండును. డబ్బాపై ఎర్ర త్రికోణమున్నచో అది మిక్కిలి విషమైనది. పసుపు, నీలము, ఆకుపచ్చ వరుసగా తక్కువవి. ఖాళీ డబ్బాలు ఇంటికి చేరరాదు. మగవాడు మందు కొట్టి వచ్చిన బట్టలను ఉతుకునది సాధారణముగా ఇల్లాలే గనుక, ఆమె గర్భవతియైనచో ఆ పని అతడే చేసికొనవలెను. ఇందులో నామోషీ యేమియు లేదు.

పంచాయతీ తానే యజమానియైన పని ఒకటున్నది. మురుగు కాలువలకు, నీటి తొట్లకు బ్లీచింగు పౌడరు వేయు పారిశుద్ధ్య కార్మికులలో స్త్రీలున్నారు. ఆ పొడికి ఆమ్లము కలిసినచో క్లోరిను వాయువు లేచును. మరుగుదొడ్లు కడుగు ఆమ్లమును, ఈ పొడిని ఒకే బకెట్టులో కలుపుట నేటికిని కొన్నిచోట్ల చూచుచున్నాము. దీనిని వెంటనే మాన్పింపుడు. గర్భవతియైన కార్మికురాలికి పొడి చల్లు పని వేయకుడు. ఆమె జీతములో కోత పెట్టకుడు.

మందు తగిలిన స్త్రీకి చొంగ కారుట, చెమటలు, వాంతులు, చూపు మసకబారుట కనిపించినచో, బట్టలు మార్పించి, సబ్బుతో ఒడలు కడిగించి, 108కు ఫోను చేయవలెను. గర్భము ఎన్నవ నెలయో చెప్పవలెను. మందు డబ్బాను మూత బిగించి, సంచిలో పెట్టి ఆమె వెంట పంపవలెను. దానిపై చీటీ చూచి వైద్యులు విరుగుడును త్వరగా నిర్ణయింతురు.