గ్రంథపాలకుని కొత్త విద్య
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



1935లో కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడచినది. చదువరి రాలేకున్న పుస్తకమే అతని చెంతకు పోవలెనన్నది ఆనాటి పెద్దల సంకల్పము. నేడు ఆ పడవ చేసిన పనిని సెల్‌ఫోను చేయగలదు. అయితే దానిని నడుపుట గ్రంథపాలకుడు నేర్వవలెను.

అతడు పాఠకుల అనుమతితో వాట్సాప్ గ్రూపు నేర్పరచి కొత్త పుస్తకముల పేర్లను, ఉద్యోగ ప్రకటనలను తెలుపవచ్చును. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నిర్వహించు జాతీయ డిజిటల్ గ్రంథాలయమున విద్యార్థికి వలయు పాఠములను వెదకి చూపవచ్చును. మూలము విచారింపక ఏ వార్తను ఇతరులకు పంపరాదని బోధింపవచ్చును.

ఇది ఒక్కనాట అబ్బు విద్య కాదు. వారమునకొక గంటయైన అభ్యాసము, గ్రంథాలయమునకు ఇంటర్నెట్ వసతి కావలెను. ఇందుకు ధనమెక్కడిదందురా? ఇంటిపన్నుతో రూపాయికి 8 పైసల వంతున మీరు వసూలు చేయు గ్రంథాలయ సెస్సు పంచాయతీ సొమ్ము కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసిన సొమ్ము. అది మీ వద్ద నిలిచిపోయిన, నష్టపోవునది మీ గ్రామపు బిడ్డలే. రాబోవు సమావేశముననే బకాయి లెక్క చూడుడు; చెల్లించి, మీ గ్రంథాలయమునకు కావలసినది హక్కుగా అడుగుడు.