తొట్టె అడుగున మడ్డి



పోయిన వేసవిలో ఒక పెద్దమ్మగారు మా కార్యాలయానికి వచ్చారు. ఆమె పొదుపు సంఘం అప్పుతో ఆరు గాజు తొట్టెలు కొన్నారు. గప్పీ, మోలీ చేపలు పెంచి, వాటి పిల్లలను పట్నంలో దుకాణానికి అమ్ముతున్నారు. చేపపిల్లలు దాక్కోవటానికి తొట్టెల్లో వాలిస్నేరియా, హైడ్రిల్లా మొక్కలు కూడా వేశారు.

"అయ్యా, వారం వారం తొట్లన్నీ తోమి కడుగుతున్నాను. నాలుగు రోజులు తిరక్కముందే అడుగున గోధుమరంగు మడ్డి పేరుకుంటున్నది. కడిగినకొద్దీ చేపలు చస్తున్నాయి. కిస్తీ ఎట్లా కట్టేది?" అని అడిగారు.

ఆమె మాటలోనే సగం జవాబు ఉన్నది. కడిగినకొద్దీ చేపలు చస్తున్నవంటే, కడిగే పద్ధతిలోనే ఏదో లోపం ఉన్నదన్నమాట.

ముందు ఆ మడ్డి ఏమిటో తెలుసుకోవాలి. అడుగున చేయి మెల్లగా ఆడించి చూడండి. పొగలాగా పైకి లేచి, మళ్ళీ దిగితే అది చేపల పెంట, తినగా మిగిలిన మేత, కుళ్ళిన ఆకులు కలిసి నలిగిన పొడి. అట్లా కాక, గాజుకూ ఆకులకూ అంటుకొని, వేలితో రాస్తే జారుడుగా వచ్చేది డయాటమ్ అనే సన్నని పాచి. కొత్త తొట్టెల్లో ఇది సాధారణం. గుడ్డతో తుడుస్తూ ఉంటే కొద్ది వారాలలో చాలావరకు తానే తగ్గిపోతుంది.

ఇక మొదటి రకం సంగతి. మన ఇంటి వెనుక కంపోస్టు గుంట ఉన్నది కదా! చెత్తను ఎరువుగా మార్చేది కంటికి కనిపించని సూక్ష్మజీవులే. తొట్టెలోనూ అట్లాంటి పనే జరుగుతున్నది. చేపల విసర్జన వల్ల, కుళ్ళే మేత వల్ల అమోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మారుస్తవి. అదీ విషమే. మరొక తెగ దానిని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటును మొక్కలు ఎరువుగా తీసుకుంటవి. ఈ సూక్ష్మజీవులు కాపురముండేది ఫిల్టరు స్పాంజిలో, అడుగు ఇసుకలో, ఆకులమీద. వాటన్నిటినీ ఒకేసారి కుళాయికింద పెట్టి తోమితే, నీటిలోని క్లోరిన్‌తో అవి చస్తవి. తొట్టె అద్దంలా మెరుస్తుంది గాని, అమోనియా మాత్రం పేరుకుంటుంది. ఆ కాపురం మళ్ళీ నిలబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చును.

ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. మా అమ్మాయి తొట్టెను ఒక ఆదివారం నేనే ఇట్లా తోమిపెట్టాను. మూడవనాటికి ఆరు చేపలలో నాలుగు పోయినవి. పదిమందికి చెప్పవలసిన నేనే ఆ తప్పు చేశాను.

మరి ఏమి చేయవలెను?

మొదట మేత తగ్గించండి. రోజుకు రెండుసార్లు, రెండు మూడు నిమిషాలలో తినగలిగినంతే వేయండి. పెద్ద చేపలను వారానికొక రోజు పస్తు ఉంచినా నష్టం లేదు. ఆ పెద్దమ్మగారిని అడిగితే తెలిసింది: "మా మనవడు బడినుంచి రాగానే ఓ గుప్పెడు వేస్తాడండీ, వాడికదొక సరదా!" మడ్డి పుట్టిల్లు ఆ గుప్పెడులోనే ఉన్నది.

రెండవది, పండిన ఆకులను, కుళ్ళిన కాడలను ఎప్పటికప్పుడు కత్తిరించి తీసివేయండి.

మూడవది, వారానికొకసారి రబ్బరు గొట్టంతో అడుగు మడ్డిని బకెట్టులోకి లాగండి. నాలుగవ వంతు నీరు పోతే చాలును. బకెట్టులో చేపపిల్లలు పడ్డవేమో చూసుకొని, ఆ నీరు కరివేపాకు మొదట్లో పోయండి, మంచి బలం. మొక్కల వేళ్ళ దగ్గర కొద్దిగా మడ్డి మిగిలినా ఫరవాలేదు, అది వాటికి ఎరువే.

నాలుగవది, స్పాంజిని కుళాయికింద కడగవద్దు. తొట్టెనుంచి తీసిన నీటిలోనే రెండుమూడుసార్లు పిండి పెట్టండి. స్పాంజి, ఇసుక ఒకే రోజున ముట్టుకోకండి.

అయిదవది, కుళాయి నీళ్ళయితే వెడల్పు పాత్రలో ఒక రోజు ఉంచి పోయండి, క్లోరిన్ చాలావరకు పోతుంది. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ. దానినీ ఒక రోజు ఉంచి, గాలి తగిలేటట్లు కలియబెట్టి పోయండి.

వేసవిలో మరింత జాగ్రత్త అవసరం. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, అమోనియా విషమూ ఎక్కువవుతుంది. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే మేత ఆపి, వెంటనే కొంత నీరు మార్చండి.

నెలన్నర గడిచాక ఆ ఇంటికి వెళ్ళి చూశాను. మడ్డి పూర్తిగా పోలేదు, పోనక్కరలేదు కూడా. రెండు తొట్టెల్లో కొత్త పిల్లలు ఆకుల మధ్య తిరుగుతున్నవి. మేత డబ్బా మాత్రం అటకమీదికి ఎక్కింది. "వాడికి అందకుండా పెట్టానయ్యా, ఇప్పుడు వాడికి గొట్టం పట్టుకునే పని అప్పజెప్పాను" అన్నారామె.

మడ్డి ఎక్కువైతే కడిగే చేతిని కాదు, మేత వేసే చేతిని ముందు చూసుకోండి. సెలవు.