వర్లి నాకాను నింపింది కార్లు కావు



ఈ సంఘం సభకు వస్తుంటేనే ఒకాయన అన్నారు, "మన బీడీడీ చాళ్లు తెల్లదొరలు జైలు కోసం కట్టినవే కదా సార్" అని. కాదు, ముమ్మాటికీ కాదు! ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 1920లలో, గవర్నర్ జార్జి లాయిడ్ మొదలుపెట్టిన బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కూలీనాలీ జనం కోసమే వాటిని కట్టింది. వర్లిలో 121 చాళ్లు, ఒక్కోదాంట్లో 80 ఖోలీలు, అంటే గదులు, ఖోలీ 160 చదరపు అడుగులు. కట్టారు సరే, జనం రాలేదు. ఎట్లా వస్తారు? అప్పటి వర్లి ఊరి బయటి కోళీ జాలర్ల పల్లె. వీధి దీపాలు సరిగా లేవు, దగ్గర్లో బజారు లేదు, మిల్లుకు పోను బండి లేదు. పొద్దంతా సాంచెల ముందు నిలబడ్డ మనిషి చీకట్లో అంత దూరం నడవాలా? ఖాళీగా పడున్నాయి గనకే 1930లో, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, సర్కారు కొన్ని చాళ్లను తాత్కాలిక జైలు చేసుకుంది. ఇల్లు ముందు, జైలు తర్వాత. పిల్లలకు ఇదే చెప్పండి.

రెండో అపోహ: మోటారు వచ్చి వర్లి నాకాను, అంటే మన ఈ కూడలిని, బాగుచేసిందట! బొంబాయిలో 1898లోనే కార్లు దిగాయి. అవి కంకర రోడ్డుకు చేసింది చేటే. ఎడ్లబండి ఇనప పట్టా కంకరను నలిపితే ఆ పొడే సందుల్లోకి దిగి రోడ్డు బిగిసేది. వేగంగా పోయే రబ్బరు టైరు ఆ పొడినే లాగి గాల్లోకి లేపింది, రాళ్లు వదులయ్యాయి. అందుకే తారు పొయ్యాల్సి వచ్చింది.

జనాన్ని తెచ్చింది బస్సు. 1926 జులై 15న అఫ్గాన్ చర్చి నుంచి క్రాఫర్డ్ మార్కెట్‌కు మొదటిది నడిచింది. తర్వాత్తర్వాత బస్సు దారులు వర్లి వైపూ పెరిగాయి. బస్సు ఆగేచోట చాయ్ దుకాణం, కూరగాయల బండి. కరీంనగర్, నల్లగొండ నుంచి మన పద్మశాలీలూ వచ్చారు.

టైమైపోతోంది, తొందరగా చెప్తా. 1982 మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులు ఒక్కటొక్కటే మూతపడ్డాయి, టవర్లు లేచాయి. 2009లో సీలింకు, 2024లో కోస్టల్ రోడ్డు, రెండూ నాకాలో ఆగనివాళ్ల కోసమే. 2025 మేలో నాకా కిందే ఆచార్య అత్రే చౌక్ మెట్రో స్టేషన్ తెరిచారు, అది మంచిదే. పైన మాత్రం కూరగాయల సంచీతో పెద్దమ్మ సగం రోడ్డు దాటేసరికే హారన్లు మోగుతాయి. నడిచేవాళ్లకు పచ్చదీపం ఇంకొంతసేపు వెలగాలని సంఘం తరఫున అర్జీ పెడదాం. కొలతలు తీసి పటం నేను గీసిస్తా, సంతకాలు మీరు చేయించండి.