నకలు తీసుకునే హక్కు
(ఒక బస్తీ గ్రంథాలయ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మమ్మల్ని నాలుగు మాటలు చెప్పమన్నారు. గ్రంథాలయం గురించి మామూలుగా చెప్పే మాటలు అందరికీ తెలిసినవే. అందుచేత ఈ ఏడాది మన గ్రంథాలయం ముందు జరిగిన ఒక చిన్న సంఘటనతోనే ప్రారంభిస్తాము.

మన గేటు పక్కనే ఉన్న జిరాక్స్ దుకాణానికి వేసవిలో ఒక పుస్తక వ్యాపారి తరఫు మనిషి వచ్చాడు. తమ పుస్తకాలను నకలు తీస్తే కేసు పెడతామని ఒక కాగితం చేతిలో పెట్టి వెళ్లాడు. దుకాణం నడిపే యువకుడు భయపడ్డాడు. ఆ రోజు నుండి అతడు పుస్తకం అన్న పేరుంటే చాలు, ఏదీ తీయలేదు. పిల్లలు గెజిట్ నోటిఫికేషన్ తెచ్చినా తీయలేదు, సచార్ కమిటీ నివేదికలోని ఒక పట్టిక తెచ్చినా తీయలేదు. డిగ్రీ చదివే ఒక అమ్మాయి గ్రంథాలయ పుస్తకంలోని ఒక అధ్యాయం నకలు కావాలని మా వద్దకు వచ్చింది. ఆమె తల్లి నాలుగు ఇళ్లలో పని చేస్తుంది. ఆ పుస్తకం ధర తల్లి నెల సంపాదనలో పెద్ద భాగం. మేము ఏమన్నామో చెప్పడానికి సిగ్గుగా ఉంది. "అది దొంగతనం అవుతుందమ్మా, వద్దు" అన్నాము. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా పుస్తకం ముందు పెట్టుకుని రెండు రోజులు చేత్తో రాసుకుంది.

ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పని చేసినవారం. సర్క్యులర్లు, నియమావళులు చదివి ఇతరులకు అర్థం చెప్పిన వారం. అయినా చట్టం చూడకుండానే తీర్పు చెప్పాము. ఆ తర్వాత 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని తెప్పించుకుని కూర్చున్నాము. ఈ రోజు మీ ముందు ఉంచేది అందులో మేము నేర్చుకున్నదే.

ముందు "నకలు" అన్న మాటను చూడండి. ఇది మన ఉర్దూ ద్వారా తెలుగు కచేరీలలోకి వచ్చిన అరబ్బీ మాట. ఉర్దూలో నకల్ అంటే ప్రతి తీయడమూ అవుతుంది, పరీక్షలో కాపీ కొట్టడమూ అవుతుంది. తెలుగు కచేరీలో మాత్రం అది గౌరవప్రదమైన మాట. ధ్రువీకృత నకలు లేనిదే ఆస్తి మారదు, పెన్షను రాదు. ఒకే మాటలో నేరమూ ఉంది, హక్కూ ఉంది. చట్టం కూడా అలాగే ఉన్నది.

ఉద్యోగ జీవితంలో మేము కార్బను కాగితాలతో మొదలుపెట్టాము. స్టెన్సిలు మీద టైపు కొట్టి సైక్లోస్టైల్ తిప్పాము, చేతులకు సిరా అంటితే సబ్బుకు కూడా పోయేది కాదు. తర్వాత జిరాక్స్ వచ్చింది, కంప్యూటరు వచ్చింది. ప్రతిసారీ పని తగ్గుతుందని చెప్పారు, కాగితాలే పెరిగాయి. ఇన్నేళ్లలో వేల కొద్దీ డ్రాఫ్టులు రాశాము. వాటిలో ఒక్క పంక్తిపైనా మాకు హక్కు లేదు. చట్టంలోని 17వ సెక్షను ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగి తన ఉద్యోగ విధిలో రాసినదానికి యజమానియే హక్కుదారు. ప్రభుత్వ రచన అయితే ప్రభుత్వమే. అందుకు మాకు బాధ లేదు, జీతం తీసుకున్నాము. కానీ అలా మా చేత రాయించిన కాగితాన్ని ప్రజలే చదువుకోలేని పరిస్థితి వస్తే మాత్రం బాధ ఉంటుంది.

ఇప్పుడు ఢిల్లీ సంగతి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీస్ అనే చిన్న దుకాణం ఉంది. అధ్యాపకులు పాఠ్యప్రణాళికకు అవసరమైన అధ్యాయాలను వేర్వేరు పుస్తకాల నుండి ఎంచేవారు, ఆ దుకాణం వాటిని నకలు తీసి బైండు చేసి విద్యార్థులకు ఇచ్చేది. పేజీకి 40 పైసలు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే మూడు ప్రపంచ ప్రసిద్ధ ప్రచురణ సంస్థలు ఆ దుకాణంపైనా విశ్వవిద్యాలయంపైనా ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. 60 లక్షల రూపాయల నష్టపరిహారం కోరాయి. ఆ అక్టోబరులోనే కోర్టు తాత్కాలికంగా నకళ్లు ఆపించింది. విద్యార్థులు సంఘంగా ఏర్పడి కేసులో చేరారు, అధ్యాపకులూ చేరారు. ఇది గమనించవలసిన విషయం. దుకాణదారు ఒక్కడే అయితే మన గేటు పక్క యువకుడిలాగే యంత్రం ఆపివేసి ఊరుకునేవాడేమో.

2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావాను కొట్టివేశారు. చట్టంలోని 52వ సెక్షను బోధనా క్రమంలో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని రచనను పునరుత్పత్తి చేసుకోవడాన్ని అనుమతిస్తుంది. తాము చదువుకునే రోజుల్లో విద్యార్థులు గ్రంథాలయంలో కూర్చుని పేజీలకు పేజీలు చేత్తో రాసుకునేవారని న్యాయమూర్తి గుర్తు చేశారు. చేత్తో రాస్తే తప్పు కానిది యంత్రంతో తీస్తే ఎలా తప్పవుతుంది అన్నది ఆయన తర్కం. ఈ భాగం చదివినప్పుడు రెండు రోజులు వంగి రాసుకున్న ఆ అమ్మాయే మా కళ్ల ముందు కనబడింది.

అదే సంవత్సరం డిసెంబరు 9న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సూత్రాన్ని నిలబెట్టింది. ఎన్ని పేజీలు, ఎంత శాతం అన్న లెక్క చట్టంలో లేదని, బోధనకు ఎంత అవసరమో అంతేనా అన్నదే ప్రశ్న అని చెప్పింది. అయితే ఆ కోర్సులకు నిజంగా అంత అవసరమా అన్న వాస్తవాన్ని విచారించడానికి దావాను తిరిగి తెరిచింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావాను ఉపసంహరించుకున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ తీర్పు ఒక విశ్వవిద్యాలయం గురించి. దానిని చూపి మనం పోటీ పరీక్షల గైడును మొదటి అట్ట నుండి చివరి అట్ట వరకు నకలు తీసి అమ్మితే ఏ కోర్టూ రక్షించదు, రక్షించకూడదు కూడా. సొంత అధ్యయనం కోసం న్యాయమైన మేరకు తీసుకోవడాన్ని అదే 52వ సెక్షను అనుమతిస్తుంది. ఆ అమ్మాయి అడిగింది ఒక్క అధ్యాయం. ఇవ్వవలసింది.

అదే సెక్షనులో మనబోటి గ్రంథాలయాలకు మరొక మేలు ఉన్నది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం, భారతదేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని గ్రంథాలయ వినియోగం కోసం మూడు ప్రతుల వరకు తీసుకోవచ్చు. తన వద్ద ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. మన బీరువాలో చెదలు ముట్టిన దక్కనీ పుస్తకాలు ఎన్ని ఉన్నాయో కార్యదర్శి సాహెబ్‌కు తెలుసు.

ఇక సచార్ నివేదిక. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదికను 2006 నవంబరు 30న పార్లమెంటు ముందు ఉంచారు. చట్టసభ ముందు ఉంచిన ప్రభుత్వ కమిటీ నివేదికను, ప్రభుత్వం ప్రత్యేకంగా నిషేధించకపోతే, ఎవరైనా పునర్ముద్రించవచ్చు. కోర్టు తీర్పులకూ అంతే. గెజిట్‌లో వచ్చిన విషయాలను నకలు తీయవచ్చు. చట్టాన్ని మాత్రం వ్యాఖ్యానంతో గాని మరేదైనా స్వంత రచనతో గాని కలిపి ప్రచురించాలి. మన గురించి ప్రభుత్వం తానే లెక్కతేల్చి చెప్పిన విషయాన్ని మన పిల్లవాడు నకలు తీసుకోబోతే "కేసు అవుతుంది" అని తిప్పి పంపాము. ఇంతకంటే విచిత్రం ఏముంటుంది?

అంతకన్నా ముఖ్యమైనది అనువాదం. 2025లో వక్ఫ్ చట్టం సవరించబడింది. ఆ జూన్‌లో ఉమీద్ పోర్టల్ ప్రారంభించి, వక్ఫ్ ఆస్తుల వివరాలు ఆరు నెలల్లో అందులో నమోదు చేయాలన్నారు. ఆ గడువు నడిచిన రోజుల్లో పక్క గ్రామం నుండి ఒక వృద్ధ ముతవల్లీ సాహెబ్ పాత ముంతఖబ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో తెచ్చారు. ఆయనకు ఉర్దూ వచ్చు, తెలుగు చదవగలరు. చట్టమూ పోర్టలూ ఆయనకు అర్థమయ్యే భాషలో లేవు. మనవడు ఫోనులో యంత్రానువాదం చేసి చూపాడట. మేము మూలంతో పోల్చి చూశాము. "చేయవచ్చు" అనవలసిన చోట "చేయవలెను" అని ఉంది. గుమాస్తా కన్నుకు ఆ రెంటికీ మధ్య ఒక ఆస్తి అంత దూరం ఉంటుంది. యంత్రం వద్దని మేము అనము, మొదటి ప్రతి అదే తీయనివ్వండి. కానీ చదివి సంతకం చేసే మనిషి ఉండాలి.

చట్టాన్నీ, దాని కింద చేసిన నిబంధనలనూ తెలుగులోకి అనువదించి ప్రచురించే హక్కు మనకు ఉన్నదా? ఉన్నది. ప్రభుత్వ అనువాదం ఇంతకుముందు రాకపోయినా, వచ్చినది అమ్మకానికి దొరకకపోయినా, ఎవరైనా భారతీయ భాషలోకి అనువదించి ప్రచురించవచ్చు. ఒక్క షరతు. ఈ అనువాదం ప్రభుత్వం ప్రామాణికంగా ఆమోదించినది కాదు అని స్పష్టంగా కనిపించే చోట అచ్చు వేయాలి.

ఇంతవరకు విని, కాపీరైట్ అంటేనే పీడ అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కొందరు పెద్దలు ఇల్మ్‌ను అమ్మకూడదు, కనుక రచయితకు హక్కు ఏమిటి అంటారు. పాత ఉర్దూ కితాబుల మొదటి పేజీలో "జుమ్లా హుకూక్ మహఫూజ్" అని ఉండడం వారూ చూసినదే. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ కూడా రచనా హక్కులు షరీఅత్ దృష్టిలో రక్షణ పొందే హక్కులేనని తీర్మానించింది. గైడు రాసిన మాస్టారూ మనలాంటి పింఛనుదారే కావచ్చు.

హక్కు లేక నష్టపోయేది మన పిల్లలే. ఇంటి నుండి అనువాదాలు చేసే అమ్మాయిలు, డి.టి.పి. చేస్తూ కవర్లు గీసే అబ్బాయిలు, నాత్‌లు పాడి రికార్డు చేయించే యువకులు మన బస్తీలోనే ఉన్నారు. ఒక అనువాదకురాలికి ఒక ప్రచురణకర్త వెయ్యి రూపాయలు ఇచ్చి, ఫోనులో "ఓకే" అనిపించుకుని, ఆమె పేరు లేకుండా పుస్తకం వేశాడు. అడిగితే హక్కు మొత్తం తనదే అన్నాడట. 19వ సెక్షను ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కు అమ్ముకున్నా, రచన తనదని చెప్పుకునే హక్కును 57వ సెక్షను రచయిత వద్దే ఉంచింది. రిజిస్ట్రేషను లేకపోయినా కాపీరైట్ రాసిన క్షణమే పుడుతుంది. బేటీ, ఈ సభలో ఉంటే ఒకసారి మా వద్దకు రా. నోటీసు డ్రాఫ్టు మేము రాస్తాము. ఆ డ్రాఫ్టు మీద హక్కు నీకే వదిలేస్తాము.

జిరాక్స్ దుకాణపు అబ్బాయికి 52వ సెక్షను ప్రతిని తెలుగు వివరణతో కలిపి గోడకు అంటించి ఇచ్చాము. ఇప్పుడు తీస్తున్నాడు, పూర్తి పుస్తకం తెస్తే మాత్రం మా వైపు వేలు చూపుతున్నాడు. వక్ఫ్ చట్టం తెలుగు అనువాదంలో మొదటి ముప్పై పేజీలు సిద్ధమయ్యాయి. ప్రభుత్వ అనువాదం అమ్మకానికి ఉన్నదో లేదో కార్యదర్శి సాహెబ్ రాతపూర్వకంగా అడిగారు, జవాబు రావలసి ఉంది. మూలంతో పోల్చి చదవడానికి ఇంగ్లీషు, తెలుగు రెండూ వచ్చినవారు ఇద్దరు కావాలి. ఆదివారం జొహర్ తర్వాత ఇక్కడే కూర్చుంటాము. ఎర్ర పెన్నులు మేమే తెస్తాము.