పొత్తిగుడ్డ మార్చే తీరిక

అక్కలారా, గద్వాల విత్తన పత్తి చేలల్లో చంటిబిడ్డ పిర్రలు కంది ఒరిసిపోతే తల్లికి శుభ్రత లేదనేస్తారు. ఒకప్పుడు నేనూ అన్నదాన్నే. పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దే మనిషి మధ్యలో ఎట్లా లేస్తుంది? చెట్టుకింద చీర ఊయల్లో బిడ్డ తడిలోనే ఉంటుంది.

తడిసిన గుడ్డ వెంటనే మార్చాలి. ఉత్త నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, కాసేపు గాలికి వదలాలి. తర్వాత జింక్ ఆక్సైడ్ మలాము. పౌడరు వద్దు, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుడ్డలు సబ్బు పోయేదాకా జాడించి ఎండలో ఆరేయాలి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపాలి.

కానీ నీళ్లేవి, తీరికేది? 2005 ఉపాధి హామీ చట్టం పనిచోట ఐదుగురు పసిపిల్లలుంటే చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలంది. రైతు చేన్లో కూలికి ఆ మాట వర్తించలేదు. వనపర్తి, నాగర్‌కర్నూలు సంఘాల్లోనూ కూలి రేటు మాట్లాడే రోజే బిందెడు నీళ్లు, నీడ, బిడ్డ దగ్గరికి లేచే వ్యవధి కూడా అడుగుదాం.